మసి పడని వడియాలు

మొన్న మా మనవరాలు నన్ను బఫెలో ఊళ్ళోని సరస్సు ఒడ్డుకి తీసుకెళ్ళి, ఒకప్పుడు ఉక్కు మిల్లు ఉండే చోట వేసిన సైకిల్ బాట మీద నడిపిస్తూ, "అమ్మమ్మా, లుక్, ఎయిర్ ఎంత క్లీన్ ఉంది!" అంది. బెంచీ మీద వేలు రాసి చూసుకున్నాను, పిసరంత మసి అంటలేదు, అంతే, నా గుండె గుభేలుమంది. పిచ్చిముఖంది, దానికేం తెలుసు!

డెబ్బైల చివర్లో కొత్తకాపురానికి అమెరికాలోని ఈ ఊరు వచ్చినప్పుడు ఆ మసిని నేను తిట్టని తిట్టు లేదు. మావారు ఆ మిల్లులోనే ఇంజనీరు. సరస్సు మీంచి గాలి మళ్ళిందంటే చాలు, ఎర్రపొడీ నల్లమసీ కలిసి వచ్చి ఆరేసిన చీరల మీద, ఆ ఊళ్ళో కాసే కాస్త ఎండని నమ్ముకుని పెరట్లో పాత పంచె మీద నేను పెట్టుకున్న బియ్యప్పిండి వడియాల మీద వాలిపోయేవి. వేయించి వడ్డిస్తే, "మిల్లులో చాలక ఇంట్లో కూడా ఇనుమేనా?" అని మావారి వేళాకోళం.

పక్కింటి పోలిష్ ముసలావిడ కొడుకులిద్దరూ అదే మిల్లులో కొలిమి దగ్గర పనిచేసేవారు. ఓరోజు వడియాలు చూపించి నేను ఏడుపుముఖం పెడితే, ఆవిడ దుప్పటి దులుపుకుంటూ, "మసి పడితే మనవాళ్ళకి పనున్నట్టు. పడని రోజు ఏడుద్దువుగానిలే," అంది తన ఇంగ్లీషులో. అప్పుడు నవ్వేశాను.

ఎనభైలు వచ్చి, చుట్టుపక్కల మిల్లులు మూతపడడం మొదలయ్యాక ఆ మాట నన్ను పట్టుకుంది. పొద్దున్నే కాఫీ కన్నా ముందు కిటికీ గట్టు మీద వేలు రాసేదాన్ని, నల్లగా అంటితే ప్రాణం కుదుటపడేది. చంకలో చంటిపిల్ల, నెత్తిమీద ఇంటి లోను, ఈయన ఉద్యోగం పోతే ఈ దేశంలో ఎవరి గుమ్మం ఎక్కుతాం? ఆ రోజుల్లో నాలాగే ఈ దేశం వచ్చినవాళ్ళకి ఈ భయం నేను చెప్పక్కర్లేదు. మావారిని అడిగితే, "ఆ రూమర్స్ నమ్మకు, మనకేం ప్రాబ్లం లేదు," అనేవారు గానీ, ఆయనకీ నిద్ర పట్టేది కాదని పక్కనున్న నాకు తెలీదా?

ఓ వేసవి సాయంత్రం వడియాలు తీద్దామని వెళ్తే అవి మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి. గాలి సరస్సు వైపునుంచే వీస్తోంది. కంచె అవతల ముసలావిడ బట్టలు తీయడం మాని పొగగొట్టాలకేసి చూస్తూ నిలబడిపోయింది. పొగ లేదు. ఆవిడ ముఖం చూడ్డానికి కూడా భయమేసి, పంచె మూట కట్టుకుని లోపలికి వచ్చేశాను.

మావారు వచ్చేసరికి చేతిలో లంచ్ బాక్సుతో పాటు, ఎప్పుడూ మిల్లు లాకర్లో ఉండే బూట్లూ హెల్మెట్టూ కూడా ఉన్నాయి. ఇంక అడగడానికేముంది? ఏం చెయ్యాలో తోచక వడియాలు వేయించి పెట్టాను. ఆయన కరకరా నమిలారు. వేళాకోళం చెయ్యలేదు.

తర్వాత చాలా తిరిగాక మరో ఉద్యోగం దొరికింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ముసలావిడ కొడుకులు మాత్రం పని వెతుక్కుంటూ టెక్సాస్ వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఇప్పుడా ఒడ్డున బాతులు, ఫొటోలు దిగే జనం. మంచిదే, ఆ మసి మావారి ఊపిరితిత్తుల్ని ఏం చేసిందో చూసినదాన్ని, అది మళ్ళీ రావాలని కోరుకుంటానా? అయినా ఈనాటికీ పొద్దున్నే కిటికీ గట్టు మీద వేలు రాస్తాను. పనికెళ్ళాల్సిన మనిషి పోయి ఏళ్ళయింది. వేలికి ఏమీ అంటకపోతే మాత్రం, ఆయన బూట్లు చేత్తో పట్టుకుని వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూస్తాను.