ఉతకని నీలం చొక్కా

మెకానిక్ పోయి నెల కావస్తోంది. ఆయన చివరిసారి వేసుకున్న నీలం చొక్కా ఇంకా కుర్చీ మీదే ఉంది. భార్య దాన్ని ఉతకలేదు, ఉతకనివ్వనూ లేదు. కూతురు తీయబోతే ముట్టుకోవద్దంది. దుఃఖమనుకుని కూతురు ఊరుకుంది. అది దుఃఖం ఒక్కటే కాదు.

ఆ రోజు సాయంత్రం ఆయన షెడ్డులో కూలబడితే తీసుకెళ్ళిన ఆసుపత్రిలో, గుండె ఎంజైములు బాగా పెరిగాయన్నాడు డాక్టరు. ఆ మాటను ముక్కుతో మొదలుపెట్టి చివర మింగేశాడు. నర్సు ఎన్‌జైమ్ అంది. అల్లుడు ఎంజైమ్స్ అన్నాడు. అదేమిటని ఆమె అడిగితే ఒకరు రసమన్నారు, ఒకరు పరీక్షన్నారు, అల్లుడేమో అవన్నీ మీకెందుకత్తయ్యా అన్నాడు. ముందుగా మాట కలుపుకోని దొంగలు తలోరకంగా చెప్పినట్టు తోచింది ఆమెకు.

వారం తర్వాత బట్టలు నానబెట్టబోతూ సబ్బుపొడి పెట్టె మీది అక్షరాలు ఒక్కొక్కటే కలుపుకుని చదివింది. ఎంజైమ్ శక్తి. చెయ్యి బకెట్ మీదే ఆగిపోయింది. గ్రీజు మరకలు వదలడం లేదని పాత సబ్బు మాని ఈ పొడి తెచ్చింది తనే. దాంతో ఉతికిన చొక్కాల్లోనే కదా ఆయన రోజంతా చెమటోడ్చింది!

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. పొడి ఒంట్లోని కండనూ కరిగిస్తుందేమో చూద్దామని, ఉడికిన గుడ్డు తెల్లసొన ముక్కను పొడి కలిపిన గోరువెచ్చని నీళ్ళలో వేసింది. ఇంకో ముక్కను మంచినీళ్ళలో వేసింది. రెండ్రోజులకు మంచినీళ్ళలోది వేసినట్టే ఉంది. పొడినీళ్ళలోది అంచులు కరిగి జిగురయింది. అప్పట్నుంచి ఆమెకు తిండి సహించలేదు.

చివరికి ఆ పొడినీళ్ళ గిన్నె, ఆసుపత్రి కాగితం పట్టుకుని, రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే కింది వాటా ఆవిడ దగ్గరికి వెళ్ళి, పొడి సంగతంతా చెప్పింది.

"నిజం చెప్పు చెల్లీ. ఆయన్ని చంపింది నేనేనా?"

ఆవిడ నవ్వలేదు. గిన్నె పక్కన పెట్టి, "మీ ఆయన పెట్టెలో స్పానరూ పనిముట్టే, రంపమూ పనిముట్టే కదక్కా? ఎంజైమన్నా అంతే, ఒక్కోటీ ఒక్కో పనికి. పొడిలోది మరకలకి. కాగితంలో రాసింది ఆయన గుండెలోదే. బయట్నుంచి లోపలికి పోలేదక్కా. గుండె దెబ్బతింటే లోపల్నుంచి రక్తంలోకి కారింది" అంది.

గుండెల మీది బరువు దిగింది. కానీ అనుమానపు కన్ను అంత తొందరగా మూతపడదు. ఎప్పుడు కారిందని అడిగింది.

ఆవిడ కాగితంలో రక్తం తీసిన వేళ చూసింది. "సాయంత్రానికే ఇంత పెరిగిందంటే, నొప్పి పొద్దున్నే మొదలై ఉంటుందక్కా."

ఆ పొద్దున ఆయన టీ సగమే తాగాడు. మధ్యాహ్నం భోజనం తేవద్దన్నాడు. ఎవరు వండిపెడుతున్నారేమిటని తను దెప్పింది. ఆయన ద్వారబంధం పట్టుకుని నవ్వి వెళ్ళిపోయాడు. అన్నిటినీ అనుమానించే మనిషి, ద్వారబంధం పట్టుకున్న ఆ చేతిని మాత్రం అనుమానించలేదు.

పైకి వచ్చి చొక్కా అందుకుంది. బకెట్లో చెంచాడు పొడి వేసి నానబెట్టింది. కాసేపయ్యాక జేబు దగ్గరి గ్రీజు మరకను రుద్దుతూ, "దొంగమనిషి" అంది మెల్లగా.