ప్లేట్‌లెట్లు ఇచ్చే ఖాజావలి

పర్చూరు ఖాజావలికి పనిగట్టుకుని ఫోన్ చేసేది ఒంగోలులోని ఒక బ్లడ్ బ్యాంకు మాత్రమే. మిగతావన్నీ రీఛార్జి అయిపోతోందని బెదిరించే ఫోన్లు. భార్య కరీమున్ పోయి ఆరేళ్లు, పిల్లల్లేరు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల మూతులు కుడతాడు. ఆ ఘాటుకి నోరు తెరిస్తే దగ్గే, ఇక కబుర్లెక్కడివి? అందుకే డెంగ్యూ రోజుల్లో "ప్లేట్‌లెట్లు కావాలండీ, రాగలరా?" అని ఆ ఫోన్ వస్తే, పెళ్లికి పిలిచినట్టు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కేవాడు.

ఈ వేసవిలో ఛాతీ పట్టేసింది. డాక్టరు రోజూ వేసుకోమని ఆస్పిరిన్ రాసి, ఓపిగ్గా వివరించాడు. రక్తనాళం లోపలి పొర ప్రోస్టాసైక్లిన్, నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థాలను వదులుతుంటుందట. వాటివల్ల ప్లేట్‌లెట్లు గోడకు అతుక్కోకుండా, గుంపుకట్టకుండా సాగిపోతాయి, నాళమూ వదులుగా ఉంటుంది. ఖాజావలి నాళాల్లో ఆ పొర దెబ్బతింది. ఇక ప్లేట్‌లెట్లు థ్రాంబాక్సేన్ వదిలి తోటివాటిని పోగుచేసుకుంటే, రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఆ థ్రాంబాక్సేన్‌ని తయారు కానివ్వకుండా మాత్ర అడ్డుకుంటుంది. ఖాజావలి అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. మాత్ర మానలేదు. బ్లడ్ బ్యాంకుకి మాత్రం చెప్పలేదు. చెబితే ఇక పిలవరని భయం. మొండి మనిషి, అంతకన్నా ఒంటరి మనిషి.

వానలు పడ్డాక ఫోన్ వచ్చింది. డెంగ్యూతో ఎనిమిదేళ్ల పాప, చిగుళ్లలోంచి రక్తం ఆగడం లేదు. వెళ్లాడు. టెక్నీషియన్ హెలెన్ ఫారం చేతికిచ్చింది. ఈ మూడు రోజుల్లో ఆస్పిరిన్ వాడారా అన్న ప్రశ్న దగ్గర "లేదు" అని రాసి, కుర్చీలో వాలి చెయ్యి చాపాడు.

హెలెన్ సూది తీసింది.

"అమ్మా, ఆస్పిరిన్ వేసుకున్నోడివి ఎక్కిస్తే ఏమవుద్ది?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఆ ప్లేట్‌లెట్లు సరిగ్గా అతుక్కోవండీ. ఎక్కించినా పాపకి రక్తం ఆగదు. ఎందుకడుగుతున్నారు?"

"పొద్దున వేసుకున్నా."

హెలెన్ సూది పక్కన పెట్టేసింది. కోప్పడలేదు, అదే అతనికి ఎక్కువ కష్టమనిపించింది. అక్కడే నిలబడి మరొకరికి ఫోన్ చేసింది.

"చీరాల నుంచి ఇంకొకాయన బయల్దేరారండీ. పాపకి ఆలస్యం కాదు," అంది.

ఖాజావలి సంతోషించాడు. కానీ ఆ 'ఇంకొకాయన' అన్న మాటకి ప్రాణం చివుక్కుమంది.

"గుండె మందు వాడేవాళ్ల దగ్గర తీసుకోమండీ. మీరు మాత్ర మానొద్దు. లిస్టులోంచి మీ పేరు తీసేస్తున్నా, ఏమనుకోకండి."

"తీసెయ్ తల్లీ," అన్నాడు చొక్కా చెయ్యి దించుకుంటూ. "నంబరు మాత్రం ఉంచుకో."