మూలుగ పాఠం చెప్పిన మేడం

మా మేడం పోయింది. ఖానాపూర్ల ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పిన మేడం. హైదరాబాద్ దవాఖానల పొద్దుగాల పానం పోయిందని ఫోన్ వస్తే, నేను నిర్మల్ కెళ్ళి బస్సెక్కి మధ్యాహ్నానికి ఖానాపూర్ చేరుకున్న. అప్పటికే చౌరస్తాల ఫ్లెక్సీ కట్టి ఉన్నది. ఎవరు కట్టిచ్చిండ్రనుకున్నరు? ఆమె సొంత తమ్ముడు. పైన మేడం ఫోటో చిన్నగ, కింద చేతులు జోడించిన తన ఫోటో పెద్దగ. "మా అక్క లేని లోటు ఎన్నటికీ తీరనిది" అని రాపిచ్చిండు. థూ! ఆమె బతికేటందుకు కావల్సిన సరుకు వాని బొక్కలల్లనే ఉండె.

మూలుగ అంటే ఏందో నాకు నేర్పింది మేడమే. ఓనాడు మటన్ దుకాణం కెళ్ళి నల్లి బొక్క పట్టుకొచ్చి, క్లాసుల బల్ల మీద రెండు చెక్కలు చేసింది. మేమందరం గుటకలు మింగుతున్నం. "తినుడైతే మస్తు తెలుసు మీకు. లోపట ఏమున్నదో తెల్వది" అని కసిరింది. ఆమె నోరు గట్లనే ఉండేది. మెచ్చుకున్నా తిట్టినట్టే ఉండేది.

"రక్తమంతా గీడికెళ్ళే పుడ్తది. దాన్ని పుట్టిచ్చే మూలకణాలు శాన తక్కువుంటయ్. ఎక్కువ కాలం సప్పుడు చెయ్యకుంట ముడుసుకొని పంటయ్. అక్కెర పడ్తే లేస్తయ్. లేసినంక అన్నీ రక్తమై పోవు, కొన్ని మల్ల మూలకణాలుగనే మిగుల్తయ్. అన్నీ పోతే రేపటి రక్తం యాడికెళ్ళి వస్తది?" అన్నది. ఎనక బెంచీల ఒకడు నవ్విండు. "నవ్వురా, నీ నెత్తిల గూడ గట్లనే పన్నయ్, ఇంకా లేవలే" అన్నది.

ఇంటరైనంక ఖాళీగ తిరుగుతుంటే, రెక్క పట్టుకొని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఫారం నింపిచ్చింది గూడ ఆమెనే. ఇయ్యాల నిర్మల్ల నేను రక్త పరీక్షలు చేసుకుంట బతుకుతున్ననంటే గది ఆమె పుణ్యమే.

గసొంటి మేడంకే మూలుగ ఎండిపోయే రోగం వచ్చింది. మూలకణాలే లేకుంట పోయినయ్. మందులు పని చెయ్యలే. తోడబుట్టినోళ్ళ కణాలు కలిస్తె ఎక్కియ్యొచ్చన్నరు డాక్టర్లు. తమ్మునియి పూర్తిగ కలిసినయ్. వాడు డాక్టర్ ముందట "మా అక్క కోసం పానమిస్త సార్" అన్నడు. పానమెవ్వడు అడిగిండు? నాలుగైదు దినాలు సూదులేస్తె, బొక్కలల్ల పన్న కణాలు రక్తంలకు వస్తయ్. జబ్బకు మిషిన్ పెట్టి వడగట్టుకుంటరు. కోసుడు లేదు, కుట్టుడు లేదు.

ఇగ సుట్టాలు మొదలువెట్టిండ్రు. బొక్కల సారం తీస్తె నడుము పడిపోతదని ఒకడు, సంసారానికి పనికిరాడని ఇంకొకడు. దావత్‌ల నల్లి బొక్కల కోసం కొట్లాడే మొఖాలు, వీళ్ళు చెప్పుడు!

తమ్ముడు వాళ్ళ మాటలకు బెదరలే. వాని ఫికర్ వేరే. మస్కట్ వీసా దగ్గర పడ్డది, మెడికల్ పాస్ కావాలె. సీదా నా ల్యాబ్‌కు వచ్చిండు. "అన్నా, గా సూదులేసుకుంటే మెడికల్‌ల దొరుకుతదా?"

కౌంటర్ కాడ పది మంది నిలబడ్డరు. నేను తల ఎత్తకుంటనే, "దొరుకుతది. తెల్లకణాలు బాగ పెరిగి కనపడ్తయ్" అన్న.

రెండు వారాలల్ల మల్ల మామూలైతయని నాకు ఎరుకే. చెప్పలే. వేరేటోని పేరు రాసుకుంటున్న. తల ఎత్తేసరికి వాడు లేడు. తెల్లారి ఫోన్ బంద్. జైనూర్ల అత్తగారింట్ల దాక్కున్నడని తర్వాత తెలిసింది. రెండుసార్లు ఫోన్ చేసి నేను గూడ ఊకున్న. బస్సెక్కి పోయి చెప్పొస్తె నా సొమ్మేం పోయేది? వాన్ని తిట్టుకుంట తిరిగిన గని, నా నోటికెళ్ళి వచ్చింది సగం మాటేనని ఎవ్వరికీ చెప్పలే. వాడు పిరికోడైతే నేను వానికన్న తక్కువోన్ని.

తమాషా ఏందంటే, ఆ వీసా రానే రాలే. మూడు నెలలు వాడు ఉట్టిగనే కూసున్నడు. ఈలోపల మేడం ఊపిరితిత్తులల్ల చీము పట్టింది. ఇప్పుడు కణాలు దొరికినా ఒళ్ళు తట్టుకోదన్నరు.

ఆఖరుసారి దవాఖానకు పోయినప్పుడు మంచం పక్కన నిలబడి జరిగిందంతా చెప్పిన. ఏడ్చిన. ఆమె నా దిక్కు మొఖం తిప్పింది. "వానికి సగమే చెప్పినవ్. నీకు నేను మొత్తం చెప్పిన గదరా" అన్నది. మల్ల ఆమెనే అన్నది: "మూలకణాన్ని జబ్బ నరంల ఇడిస్తె సాలు, బొక్కను అదే వెతుక్కొని పోతది. కండ్లు లేని కణానికి ఇల్లు దొరుకుతది. మా వానికే దవాఖాన దొరకలే." నవ్వబోయింది, దగ్గొచ్చింది.

దశదినకర్మ అయిన నాలుగో రోజు వాడు నా ల్యాబ్‌కు వచ్చిండు. గుండు మీద ఇంకా ఎంటికలు రాలే. మల్లొక వీసా వచ్చిందట. హైదరాబాద్‌ల మెడికల్‌కు పోయే ముందు ఒకసారి ఇక్కడ చూపిచ్చుకుంటడట. కుర్చీల కూసొని చెయ్యి చాపిండు. కండ్లు గట్టిగ మూసుకొని, "అన్నా, సూదంటే నాకు జర భయం" అన్నడు.

తిడుదామని నోటి దాక వచ్చింది. ఏ మొఖంతోని తిట్టాలె? నరం చూసి సూది పెట్టిన. మంచి నరం, ఒక్కసారికే దొరికింది. గొట్టం నిండింది. చీటీ మీద వాని పేరు రాసి గొట్టానికి అంటించి పట్టుకున్న. చేతికి తొడుగు ఉన్నా గూడ వెచ్చగ తగులుతున్నది.