పుర్రచేతికి తగిన పెన్ను

ఈ ఉదయం పెన్ను కడుగుతున్నాను. గిన్నెలో మంచినీళ్ళ సీసాలోంచి నీళ్ళు పోసి పాళీ ముంచగానే నీలం సన్నటి దారంలా కిందికి జారి, అడుగున మబ్బులా విచ్చుకుంది. దానితోపాటే తడిసిన ఇనుము వాసన లేచింది, కొంచెం పులుపు కలిసిన వాసన. మా కోడలు అటుగా వెళ్తూ చూసి, "పెన్నుక్కూడా మినరల్ వాటరేనా అత్తయ్యా?" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ చేతిలో పని ఆగిపోయింది. ఆ వాసన వస్తే నాకు నందిగామ తాలూకా కచేరీ గోడ, ఆ గోడ పక్కన రేకుల పంచ, దాని కింద చాప మీద కూర్చుని పాళీని కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్న మస్తాన్ సాయిబుగారు వరసగా గుర్తుకొస్తారు. ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు. ఆయన పెన్నులు బాగుచేసేవారు, అమ్మేవారు. నా జీవితాన్ని కూడా బాగుచేశారు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. మాది జగ్గయ్యపేట. నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆగింది బడి చదువే. మా పేట శాఖా గ్రంథాలయంలో బీరువా మొదటి అర నుంచి చివరి అర దాకా వరసపెట్టి చదివాను. అర్థం కాని పుస్తకాన్ని రెండుసార్లు చదివాను. భూగోళం, చరిత్ర, ఆరోగ్యశాస్త్రం, తేనెటీగల పెంపకం, ఏది దొరికితే అది. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను. ఆ చదువు చూసే ఊళ్ళో మిషను బడివాళ్ళు చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే పని తాత్కాలికంగా ఇచ్చారు. అయితే మేనేజరుగారు ముందే చెప్పారు: "మెట్రిక్ పాసవ్వాలమ్మా. మళ్ళీ ప్రైవేటుగా కట్టు. వచ్చే జూన్ దాకా చూస్తా. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు." అప్పటికే ఒకసారి రాసి తప్పాను. జవాబులు తెలియకపోవడం వల్ల కాదు. మూడు గంటలు అయిపోయేసరికి ప్రతి పేపరులోనూ రెండు మూడు ప్రశ్నలు మిగిలిపోయేవి. తెలిసిన జవాబు తలలో ఉండిపోయి కాగితం చేతిలోంచి వెళ్ళిపోతుంటే కలిగే బాధ, ఏమీ తెలియక తప్పినవాడికి అర్థం కాదు.

రాయడంలో నేనెందుకంత నిదానమో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నాది పుర్రచేతి వాటం. ఒకటో తరగతిలో పంతులుగారు నా ఎడమచేతిని వెనక్కి మడిచి, పలక తాడుతో లంగా బొందుకు కట్టేసి, కుడిచేతికి బలపం ఇచ్చారు. నెల రోజులు అలా కట్టారు. ఆ తర్వాత కట్టనక్కరలేకపోయింది. కుడిచేయి అక్షరాలు నేర్చుకుంది గానీ, ఎప్పుడూ అరువు తెచ్చుకున్న చెప్పుల్లో నడిచినట్టే నడిచింది.

రెండోసారి పరీక్షకు చలానా కట్టడానికి నందిగామ వెళ్ళిన రోజున నా పెన్ను పాళీ వంగిపోయింది. కచేరీ పక్కన సాయిబుగారు ఉన్నారని ఎవరో చెబితే అక్కడికి నడిచాను. ఆ పంచ కింద ఎప్పుడూ నలుగురైదుగురు మనుషులు ఉండేవారు. పెన్ను కొనడానికి కాదు, పెన్నుల గురించి మాట్లాడుకోవడానికి. వాళ్ళలో పెద్దాయన శేషయ్యగారు. ప్లీడరుగారి గుమాస్తా. జేబుకు బంగారు పాళీ పెన్ను, వేలికి దానికి తగ్గ ఉంగరం. నీలం సిరా పిల్లలకనీ, నీలి నలుపు సిరాయే దస్తావేజులకు నిలుస్తుందనీ, నల్ల సిరా పాళీని తినేస్తుందనీ వాళ్ళు గంటలకొద్దీ వాదించుకునేవారు. అన్నీ విని సాయిబుగారు చివర్లో ఒక్కటే అడిగేవారు: "ఇంతకీ రోజూ ఏం రాస్తారండీ?" నేను వెళ్ళిన పూటే ఒక కరణంగారు లావుపాటి బంగారు పాళీ పెన్ను కావాలని పట్టుబట్టారు. సాయిబుగారు ఆయన చేతికి సన్నటి ఉక్కు పాళీ పెన్ను ఇచ్చారు. "మీరు రాసేది పొలాల లెక్క, అడంగల్ గళ్ళలో. ఆ లావు పాళీతో రాస్తే పక్కోడి పొలంలోకి పోద్ది అక్షరం. నాకెందుకండీ ఆ తగువు?" అందరూ నవ్వారు. కరణంగారు సన్న పాళీయే తీసుకున్నారు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పెన్ను చూసుకునేవాళ్ళు ఎవరైనా మొదట తమ పేరు రాస్తారు, సంతకం చేస్తారు. ఆయన ఒప్పుకునేవారు కాదు. "పేరు రాస్తే ప్రతి పెన్నూ మంచిదే. పేజీ రాయండి. మీరు రోజూ రాసే మాటలే రాయండి" అని తెల్లకాగితం, చెక్కపీట ముందుకు తోసేవారు. పేజీ నిండేదాకా రాసేవాడి అక్షరాలు చూసేవారు కాదు. వేళ్ళు చూసేవారు, మెడ చూసేవారు.

నాకూ పీట తోశారు. పానిపట్టు యుద్ధం జవాబు రాయడం మొదలుపెట్టాను. పావు పేజీ అయ్యేసరికి మణికట్టు నొప్పి మొదలైంది. అంతలో పీట మీద పెట్టిన పెన్నొకటి దొర్లి కింద పడబోతే చటుక్కున పట్టుకున్నాను. సాయిబుగారు తల ఎత్తారు.

"అదేంటమ్మాయ్, పట్టుకుంది ఏ చేత్తో?"

నేను చేయి వెనక్కి తీసుకున్నాను.

"అంత చురుకైన చెయ్యిని ఇంట్లో కూర్చోబెట్టి, దీంతో కూలి చేయిస్తున్నావా? ఆ చేత్తో రాయి."

"అలవాటు లేదండి."

"అలవాటు లేకపోతే చేసుకో. చెయ్యి లేకపోతేనే కష్టం."

శేషయ్యగారు ఊరుకోలేదు. "బాగానే చెప్తున్నావయ్యా సాయిబూ! ఎడంచేత్తో రాసిన పేపరు ఏ ఎగ్జామినరు ముట్టుకుంటాడు?"

"కాగితానికి చెయ్యి వాసన అంటదు శేషయ్యగారూ. అయినా మీరు ముక్కుపొడుం పట్టేది ఏ చేత్తోనండీ?"

శేషయ్యగారు తన ఎడమచేతి కేసి చూసుకుని, దాన్ని పంచె మడతలో పెట్టుకున్నారు. నేను ఎడమచేత్తో రాశాను. అక్షరాలు కోడి గీకినట్టు వచ్చాయి, రాసిన ప్రతి వరసనూ నా అరచేయే తుడిచేసింది. కానీ మణికట్టు నొప్పి పుట్టలేదు. అది మాత్రం నాకు స్పష్టంగా తెలిసింది.

ఆ రోజు ఆయన నాకోసం పెన్ను వెతికిన తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కుడిచేతివాళ్ళు పాళీని లాగుతారు, నేను నెడుతున్నాను. నెట్టినప్పుడు వాడి పాళీ కాగితంలో గుచ్చుకుంటుంది. అందుకని మెత్తటి బంగారు పాళీలు పక్కన పెట్టేశారు. శేషయ్యగారికి అది అవమానంగానే తోచింది. గట్టి ఉక్కు పాళీ ఉన్న నల్లటి పెన్ను, లావుగా, ఏ మెరుపూ లేనిది, తీసి దాని మొనను నున్నటి రాయి మీద ఎనిమిది ఆకారంలో తిప్పుతూ గుండ్రం చేశారు. మధ్యమధ్య నాచేత రాయించారు. కాగితాన్ని కుడివైపుకు వాల్చి పెట్టించి, చేయి వరసకు కిందుగా ఉండేలా చూపించారు. సిరా దగ్గర ఇంకా పట్టుదలగా ఉన్నారు. సీసాల్లో వచ్చే చిక్కటి సిరా ఆరేలోపే నా చేయి దాని మీదికి వచ్చేస్తుందని, సిరా బిళ్ళలు కరిగించి, పల్చగా, కాగితం వెంటనే పీల్చుకునేలా తనే కలిపి బుడ్డి నింపి ఇచ్చారు. "రోజుకు నాలుగు పేజీలు. జొరమొచ్చినా సరే" అన్నారు.

నేను ఆ మాట నిలబెట్టుకున్నాను. బడి వదిలాక, వంట అయ్యాక, నాలుగు పేజీలు. మొదటి నెలలో పేజీకి అరగంట పట్టేది. కార్తీకం నాటికి కుడిచేతితో సమానమైంది. క్రిస్మసు నాటికి కుడిచేయి వెనకబడిపోయింది. అమ్మ మాత్రం నేను రాస్తుంటే అటు చూసేది కాదు. ఆయన ఇచ్చిన బుడ్డి సంక్రాంతి ముందు అయిపోయింది. నందిగామ వెళ్ళే తీరిక లేక, పేటలోనే అదే రకం సిరా బిళ్ళలు కొని, అదే కొలతకు మా బావి నీళ్ళలో కరిగించాను. వారం తిరగకుండా పెన్ను మొరాయించింది. అర పేజీ రాసేది, ఆగేది. విదిలిస్తే గోడంతా చుక్కలు. కడిగి నింపినా అంతే. పరీక్షకు ఆరు వారాలే ఉంది. అమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఇన్నాళ్ళూ అననిచ్చావా నన్ను? దేవుడు తినడానికి ఒకటీ, కడుక్కోడానికి ఒకటీ ఇచ్చాడు. నువ్వు తారుమారు చేస్తే కలిసొస్తదా? మాట విని కుడిచేత్తో రాసుకోవే."  నిజం చెప్పాలంటే, అన్ని పుస్తకాలు చదివిన నాకూ లోపల ఎక్కడో అదే భయం కలిగింది. అందుకు సిగ్గుపడుతూనే శనివారం మధ్యాహ్నం బస్సెక్కాను. దారిలో చిల్లకల్లు ఊరు దాటేదాకా ఆ పెన్నును కుడిచేత్తోనే పట్టుకున్నాను.

సాయిబుగారు పెన్ను విప్పి, పాళీ కింది నల్లటి ముక్కను బయటికి లాగి, గోటితో గీరారు. ఇసుకలాంటి నల్లటి నలక గోరు నిండా వచ్చింది. దాన్ని వెలుగులో పెట్టి చూసి నన్నొక వింత ప్రశ్న అడిగారు.

"అమ్మాయ్, మీ బావి నీళ్ళతో కందిపప్పు ఉడుకుద్దా?"

"ఉడకదండి. సోడా ఉప్పెయ్యాలి. లేకపోతే చెరువు నీళ్ళు తేవాలి."

"మరి పప్పుకే లొంగని నీళ్ళు సిరాకి లొంగుతాయా తల్లీ? మీ పేటంతా సున్నపురాయి మీద కూర్చుంది గదా. ఆ సున్నం తగిలి సిరా విరిగిపోయింది. పాలల్లో నిమ్మకాయ పిండినట్టు."

 కఠినజలం అంటే ఏమిటి, దానిలో సబ్బు ఎందుకు నురగ రాదు, దానిలోని లవణాలేమిటి, ఈ ప్రశ్నకు అర పేజీ జవాబు నాకు కంఠతా వచ్చు. ఆ జవాబును ఆ విరిగిన సిరాతోనే మూడుసార్లు రాశాను. మా నాన్న రోజంతా కాల్చేది ఆ రాయినే. మా కుండల అడుగున తెల్లగా పేరుకునేది అదే. అయినా నాకు తట్టలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నన్ను ఎగతాళి చేస్తారనుకున్నాను.

"ఏదీ, ఆ జవాబు చెప్పు" అన్నారు. మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాను. ఆయన చేతిలో పని ఆపి విన్నారు. ఆయనకు సంతకం తప్ప చదువు రాదని అప్పుడే తెలిసింది నాకు. "వాన నీళ్ళతోనే కలపమని మా అయ్య చెబితే చేస్తున్నానే గానీ, ఎందుకో ఇవ్వాళే తెలిసింది. శేషయ్యగారూ, విన్నారా? దీనికి పుస్తకంలో పేరుంది!" అని పసిపిల్లాడిలా సంబరపడ్డారు. ఆ తర్వాత చాప వెనక నుంచి ఒక సీసా తీశారు. శ్రావణంలో రేకుల మీద నుంచి కాకుండా తిన్నగా ఆకాశం నుంచి ఇత్తడి బిందెలోకి పట్టి, గుడ్డతో వడకట్టి దాచిన వాన నీళ్ళు. ఆ నీళ్ళతో సిరా కలిపి ఇచ్చి, "ఇది పరీక్షల దాకా సరిపోద్ది. చెయ్యి మార్చాలని మాత్రం అనుకోకు" అన్నారు. నేను బస్సులో చేసిన పని ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

మార్చిలో పరీక్షలు నందిగామలోనే జరిగాయి. మొదటి రోజే హాల్లో తిరిగే పంతులుగారు నా బల్ల దగ్గర ఆగారు. "ఏంటమ్మా ఇది? సరస్వతిని ఎడంచేత్తో రాస్తారా? చెయ్యి మార్చు." అందరూ నాకేసి చూశారు.  నేను పెన్ను ఆపలేదు. "ఏ చేత్తో రాయాలో హాల్‌టిక్కెట్టు మీద రాయలేదండి" అన్నాను. ఆయన నిజంగానే నా హాల్‌టిక్కెట్టు తీసి, ముందూ వెనకా చదివి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆరు పేపర్లు. చివరిది సాంఘికం. ఆఖరి ప్రశ్నకు ఆఖరి వాక్యం రాసి తలెత్తితే గడియారంలో ఇంకా పది నిమిషాలున్నాయి. నా జీవితంలో పరీక్ష హాల్లో నాకు మిగిలిన మొదటి పది నిమిషాలవి. వాటితో ఏం చేయాలో తెలియక, నీలం అంటిన చిటికెన వేలిని చూసుకుంటూ కూర్చున్నాను.

గంట కొట్టగానే తిన్నగా కచేరీ గోడ దగ్గరికి నడిచాను. సాయిబుగారు పేపరు ఎలా ఉందని గానీ, పాసవుతావా అని గానీ అడగలేదు.

"ఆఖరిదాకా రాశావా?"

"రాశానండి. అన్నీ రాశా."

"ఇంకేం మరి" అని పెన్ను తీసుకుని, కడిగి, ఆరబెట్టి నా చేతికిచ్చారు. శేషయ్యగారు గొంతు సవరించుకుని, "ఆ పెన్నొకసారి ఇటియ్యమ్మా" అని అడిగి, దానితో కాగితం మీద ఓ గీత గీసి, "నా చేతికి రాయట్లేదిది" అన్నారు. "మీ చేతికి చెయ్యలేదండి" అన్నారు సాయిబుగారు.

పాసయ్యాను. మిషను బడి ఉద్యోగం నిలిచింది. తర్వాత ట్రైనింగు, ఆ తర్వాత ప్రభుత్వ బడి. పంతొమ్మిది వందల అరవైలు గడిచేకొద్దీ ఊళ్ళలోకి బాల్ పెన్నులు వచ్చాయి. పంచ కింద జనం పలచబడ్డారు. ఒక వేసవిలో వెళ్తే అక్కడ సైకిళ్ళకు గాలి కొట్టే కుర్రాడు కూర్చుని ఉన్నాడు. సాయిబుగారు ముందటి ఏడే పోయారని చెప్పాడు. నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన బంధుత్వమూ లేదు. ఆ గోడ దగ్గర కాసేపు నిలబడి, బస్సెక్కి వచ్చేశాను.

ముప్పై నాలుగేళ్ళు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దాను. కట్ట విప్పగానే మొదటి పేజీ చూసేదాన్ని కాదు. చివరి పేజీ తిప్పేదాన్ని. అది ఖాళీగా ఉంటే మార్కులు వేయకుండా ఆ పేపరు పక్కన పెట్టేదాన్ని. మర్నాడు ఆ పిల్లనో పిల్లవాడినో పిలిచి, నా ముందు కూర్చోబెట్టి, తెల్లకాగితం ఇచ్చి, "నీకు బాగా వచ్చిన జవాబు ఒక పేజీ రాయి" అనేదాన్ని. రాస్తున్నంతసేపూ అక్షరాలు చూసేదాన్ని కాదు. ఒకడు బోర్డు కనిపించక కళ్ళు చికిలించేవాడు. ఒకతె వాళ్ళ నాన్న పాత పెన్నును నాలుగు వేళ్ళతో నొక్కి పట్టేది. ఒకడికి ఆకలి. కారణం దొరకని బిడ్డ కూడా ఉంది, ఆమె కోసం రెండేళ్ళు వెతికాను. మందమతి అనే మాట మాత్రం నా కలం నుంచి ఏ పేపరు మీదా పడలేదు.