వండినాయిన తినేదే నాకు

మా రాజమల్లయ్య బావ హైదరాబాదులో ఏ హోటలుకు వెళ్లినా ముందు తలుపు నుంచి లోపలికి వెళ్లేవాడు కాదు. పక్క సందులోకి తిరిగి, బూడిద కుప్పలూ ఎంగిలాకులూ దాటి, వంటింటి వెనక తలుపు తట్టేవాడు. తీసినవాళ్లను ఒకటే అడిగేవాడు.

"వండినాయిన ఇయ్యాల ఏం తింటుండు? గదే నాకు పెట్టు."

ఇరానీ హోటలైనా, ఉడిపి హోటలైనా, అరవ మెస్సైనా ఇదే మాట. నోటి మాటతో ఊరుకునే రకం కూడా కాదు. వంటాయన పళ్లెం తెప్పించుకుని, అందులో ఏముందో కళ్లారా చూసి, ఆ గడపలోనే ఆయన పక్కన చతికిలబడి తినేవాడు. "గోడ మీద రాసింది గిరాకీల కోసం. అసలు రుచి వండెటోని పళ్లెంల ఉంటది" అని ఆయన సిద్ధాంతం.

బావ మా యాదవ్వక్క భర్త. సిద్దిపేటలో నేసిన చీరలు మూటగట్టి నెలకు రెండుసార్లు పట్నం తీసుకెళ్లేవాడు. ఫలానా రోజు వస్తానని ఏ హోటలుకూ చెప్పేవాడు కాదు. చెప్తే ముస్తాబు చేస్తారట. ఇంట్లో అయితే మరీ అన్యాయం. అక్క తినకముందు వడ్డిస్తే పళ్లెం ముట్టేవాడు కాదు. "వండినామె తినలే. ఎట్లున్నదో నాకెట్ల తెలుస్తది?" అనేవాడు. "చూసినవా తమ్మీ, ఇరవై ఏండ్ల కాపురం, ఇంకా నా కూర మీద అనుమానమే!" అని అక్క కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేది.

అయినా సిద్దిపేట నుంచి కచేరీ పనికో, దవాఖానకో పట్నం వెళ్లేవాళ్లు ముందు బావ దగ్గరికే వచ్చేవారు. ఎక్కడ తినాలో ఆయన చెప్పాలి.

"రాజమల్లన్నా, మా అవ్వను దవాఖానకు తీస్కపోతున్న."

"మంచిది. మరి తిండెక్కడ?"

రోగం సంగతి తర్వాత. ఇక దారి చెప్పడం చూడాలి. "పుత్లీబౌలి కాడ దిగు. ఎడమకు తిరిగి నడువు. ఎండుమిరపకాయల ఘాటుకు తుమ్మొస్తది. వచ్చిన కాడ ఆగు, గదే హోటలు." పడిశం పట్టినవాళ్లు దారి తప్పి చాదర్‌ఘాట్ దాకా పోయిన సందర్భాలున్నాయి.

ఒకసారి బేగంబజారులో మార్వాడీ భోజనశాల వెతుకుతూ నన్నూ వెంటబెట్టుకుపోయాడు. నేతి వాసన పట్టుకుని ఒక వెనక తలుపు తట్టాడు. ముసుగేసుకున్న ఒక పెద్దమ్మ తీసింది. బావ యథాప్రకారం అడిగాడు. ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసి, చీరల మూట చూసి, నవ్వి కూర్చోబెట్టింది. వేడివేడి రొట్టెలు, పప్పు, మిరపకాయ పచ్చడి. చాలు అన్నా వినలేదు. తిని చేతులు కడుక్కున్నాక ఇంటాయన వచ్చి "మీరెవరు?" అన్నాడు. అప్పుడు తెలిసింది, అది హోటలు కాదు, ఇల్లని. భర్త పంపిన చీరల వాళ్లమనుకుందట ఆమె. నేను సిగ్గుతో చచ్చిపోయాను. బావ మాత్రం ఒక మంచి చీర తీసి ఆ తల్లి ముందు పెట్టి, దండం పెట్టి వచ్చాడు.

అంతటితో ఆగితే ఆయన బావ ఎందుకవుతాడు? "పట్నంల గంత మంచి హోటలు లేదు" అని ఊళ్లో అందరికీ చెప్పాడు. మూడు నెలలు సిద్దిపేట జనం ఆ తలుపు తడుతూనే ఉన్నారు. ఆఖరికి ఆ మార్వాడీ "ఇది హోటల్ కాదు" అని తలుపుకు పలక కట్టించాడు. అదీ తెలుగులో.

ఇలాంటి మనిషి చేతిలో నా బతుకు పెట్టవలసి వచ్చింది. పంతొమ్మిది వందల నలభై ఆరు చివర్లో సిద్దిపేట బస్సులాగే చోట హోటలు పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. కొమురవెల్లి జాతరకు వెళ్లే జనమంతా అక్కడ దిగేవారు. ఆవేశం కొద్దీ ముందు బోర్డు రాయించాను: 'లింగమూర్తి హోటల్. ఉడిపి, ఇరానీ, మదరాసు అన్ని రకములు దొరకును.' పొయ్యిలు కట్టించాను, బల్లలు చేయించాను. వంటమనిషి ఒక్కడే దొరకలేదు. జాతర పది రోజుల్లోకి వచ్చింది. దారిన పోయేవాళ్లు "లింగమూర్తీ, బోర్డునే ముక్కలు కోసి వడ్డిస్తవా?" అని అడగసాగారు. ఆ జాతర దాటిపోతే మళ్లీ ఏడాది దాకా నా పొయ్యి వెలిగే ఆశ లేదు.

"నడువు పట్నం. వంటాయనను నేను చూపిస్త" అన్నాడు బావ.

బొగ్గు పొగతో నడిచే బస్సులో వెళ్లి, మసి మొహాలతో కాచిగూడలో ఉడిపి హోటలు చేరాం. వెనక తలుపు తియ్యగానే యజమాని నిట్టూర్చాడు. "వచ్చినవా సిద్దిపేట సేటూ! లోపలికి రాకు, మడి. మా భట్టు పెరుగన్నం తింటుండు, గదే పంపిస్త." ముందు హాల్లో మసాలా దోసెలు చుయ్యిమంటున్నాయి.

"బావా, ఒక్కటంటే ఒక్క దోసె!"

"భట్టు తిన్నడా?"

"తినలే."

"మరి?"

పెరుగన్నం తిని, భట్టును సిద్దిపేట రమ్మని అడిగాను. "రైలుందా?" అన్నాడు. లేదన్నాను. తలుపేసుకున్నాడు.

ఇరానీ హోటల్లో ముందు సమోసాలు, మలాయి, బిస్కెట్లు. వెనక మాకు ఎండు రొట్టె, పచ్చి ఉల్లిగడ్డ, ఇంత పుదీనా. ఆ వంటాయనకు బావంటే ప్రాణం, తన రొట్టె తుంచి పెట్టాడు. కానీ సిద్దిపేట అనగానే "సముద్రం దాటింది సిద్దిపేట రానీకి కాదు భాయ్" అని నవ్వాడు.

మిగిలింది సికింద్రాబాదులో ఒక అరవ మెస్సు. నాకు కాళ్లు పీకుతున్నాయి, కళ్ల ముందు నా బోర్డు కనబడుతోంది. తలుపు తీసిన నల్లటి పొడుగాటి మనిషికి నాకొచ్చిన ఒక్క అరవ మాటతో "వణక్కం" అన్నాను.

"సిద్దిపేటోనివి, నీకు గా మాటెందుకన్నా? మాది మీ పక్క మద్దూరే. నా పేరు దుర్గయ్య" అన్నాడతను.

సికింద్రాబాదులో అంత పేరున్న మదరాసు సాంబారు కాచేది మద్దూరు దుర్గయ్య! ఉడిపి హోటల్లో గిన్నెలు కడుగుతూ దోసె నేర్చాడట, ఇరానీ దగ్గర చాయ్ పట్టడం నేర్చాడట. నా బోర్డు మీద ఉన్నవన్నీ అతని చేతిలో ఉన్నాయి. ఆగలేక అడిగేశాను.

"సిద్దిపేట వస్తవా దుర్గయ్యా?"

"ఈయన రమ్మంటే వస్త" అని బావను చూపించాడు. "కాచిగూడోళ్లు పిలిచిన్రు, పోలే. ఈడ జీతం పెంచుతమన్నరు, సై అనలే. ఈయన రమ్మంటే మాత్రం ఇప్పుడే వస్త."

"ఎందుకట్ల?"

"పోయినేడు దాక నాకు అడుగంటిన మాడుచెక్కలే తిండి. రేషన్ బియ్యం గిరాకీలకే చాలవనెటోడు సేటు. ఈయనొచ్చి వండినాయిన పళ్లెం చూపియ్యుమన్నడు. సేటు మాడుచెక్క ఎట్ల చూపిస్తడు? సిద్దిపేట గిరాకంతా ఈయన మాట మీదనే వస్తది. గాబరపడి నాకింత అన్నం, సాంబారు పెట్టిండు, ఈయనకూ పెట్టిండు. ఈయన మల్ల ఎన్నడొస్తడో తెల్వది. గందుకని నాటి సంది రోజూ పెడుతుండు. పదేండ్ల సంది వండుతున్న, ఏం తిన్నవని అడిగింది ఈయనొక్కడే."

నేను బావ వైపు తిరిగాను. ఇరానీ ఆయన రొట్టె ఎందుకు తుంచి పెట్టాడో, మా అక్క తినకముందు ఈయన పళ్లెం ఎందుకు ముట్టడో అప్పుడు తట్టింది. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"ముచ్చట్లు బంద్ చెయ్యున్రి! సాంబారు చల్లారుతున్నది" అని కసిరాడు.

జాతర మొదటి ఆదివారం నా హోటలు తెరిచాను. బస్సుల మీద బస్సులు. బోనాల కుండలతో, పసుపు బట్టలతో జనం బల్లలన్నీ నిండిపోయారు. దోసె, సాంబారు, చాయ్, ఏది అడిగితే అది. నన్ను పట్టేవాళ్లు లేరు. మిట్టమధ్యాహ్నం బావ వచ్చాడు. ఈసారి గౌరవంగా ముందు తలుపు నుంచే వచ్చి కూర్చున్నాడు. నేనే స్వయంగా ఆకు పరిచాను.

"ఏం పెట్టమంటవు బావా?"

"వండినాయిన ఏం తిన్నడు?"

నా చేతిలో చెంబు పక్కన పెట్టి వంటింటి వైపు చూశాను. తెల్లవారుజాము నుంచి దుర్గయ్య పొయ్యి ముందు నుంచి లేవలేదు. తిన్నావా అని నేను ఒక్కసారి అడిగింది లేదు. చాలా సిగ్గేసింది.

"ఇంకా... ఏం తినలే బావా."

"అయితే గదే పెట్టు" అని ఖాళీ ఆకు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

వంటింట్లోకి పరుగెత్తాను. దుర్గయ్య చేతిలో గరిటె లాక్కున్నాను. "నువ్వు పోయి కూసో. ఏం తింటవు? దోసెనా?"

"వద్దన్నా. పొద్దటి సంది దాని మొకమే చూస్తున్న. జొన్నరొట్టె, పచ్చిపులుసు ఉంటే..."

బోర్డు మీద లేనిది అదొక్కటే. ఇంటికి కబురు పంపితే అక్క చెంగు చాటున రొట్టెలూ, గిన్నెలో పచ్చిపులుసూ తెచ్చింది. "ముందు నువ్వు తిన్నవా?" అని బావ ఆమెనూ అడిగాడు. "తిన్న, తిన్న! చాలించు నీ పంచాయితీ" అంటూనే అక్క బావకూ దుర్గయ్యకూ పక్కపక్కన ఆకుల్లో వడ్డించింది. చుట్టూ ఉన్నవాళ్లు దోసెలు ఆపి చూశారు. "మాకూ గదే పెట్టున్రి" అని కొమురవెల్లి పోయే ముసలామె ఒకతె అరిచింది. ఆ తర్వాత ఆ జాతరంతా మా హోటల్లో ఎక్కువగా అమ్ముడుపోయింది జొన్నరొట్టే.

దుర్గయ్య తింటున్నాడు. ఆ తినడం చూస్తుంటే నాకే కడుపు నిండింది. ఇక బావ మొహంలో సంతోషం చూద్దామని తిరిగాను. ఆయన దుర్గయ్య ఆకులోకి తొంగిచూస్తున్నాడు.

"లింగమూర్తీ! ఆయనకు ఉల్లిగడ్డ ఏసిన్రు. నాకేది?"