బీడీ చాటలోంచి కనబడిన గదుమ

కోరుట్లలో ప్రేమలత బీడీలు చేస్తుంటే చూడాలి. చేతులు తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతూ వాటి దారిన అవి పోతుంటాయి. మాటల దారి మాటలది. ఒడిలో చాట, చాట అంచుకు ఆనించిన ఫోన్, ఫోన్‌లో మస్కట్. భర్త శ్రీహరి అక్కడ ఏసీలు బిగిస్తాడు. నాలుగేళ్లుగా వాళ్ల సంసారమంతా ఆ చాటలోనే జరుగుతోంది. ఆ వాడలో గల్ఫ్ మొగుళ్లున్న ఆడవాళ్లందరిదీ ఇదే పద్ధతి. పని ఆగదు, మాటా ఆగదు. తెలివైన పద్ధతే గానీ, ప్రేమలతను ముంచిందీ అదే.

ఫోన్ మూలన చిన్న గడిలో తన ముఖం కూడా కనిపిస్తుంది కదా. ఇంట్లో అద్దం ఉంది, కానీ దాని ముందు నిలబడేది బొట్టు పెట్టుకునేంతసేపే. గంటలకొద్దీ చూసుకునేది ఆ గడిలోనే. అందులో రోజూ ఒకటే దృశ్యం: రెండు ముక్కు రంధ్రాలు, వెనక్కి పోయిన గదుమ, దాని కింద మెత్తటి మడత. తన ముఖానికి గదుమ అనేదే లేదని ఆమె తేల్చేసుకుంది. బతుకమ్మ పండుగకు శ్రీహరి వస్తున్నాడు. ఈ మధ్య ఫోన్ చేసినప్పుడల్లా మాట మధ్యలో ఆగి, అలా చూస్తూ ఉండిపోతున్నాడు. ఎందుకు చూస్తున్నాడో తనకు తెలుసనుకుంది.

వీధి చివర బ్యూటీ పార్లర్ నడిపే స్నేహితురాలు షగుఫ్తాకు ఒకరోజు ఈ బాధ చెప్పుకుంది. షగుఫ్తా ఆమెను ఫొటో తీసి, ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి, వేలితో గదుమను కాస్త ముందుకు లాగింది.

“చూడు లతక్కా, గిట్ల గావాల్నా?”

ప్రేమలత ఫోన్ లాక్కుని చూసింది. అంత చక్కటి ముఖం తనదేనా?

ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె నేల మీద లేదు. మధ్యాహ్నం కునుకు పడితే చాలు, ఆ ముఖంతో పక్కనున్న ఇబ్రహీంపట్నం వైపు పసుపు చేల గట్ల మీద తిరిగేది. తడి ఆకుల వాసన వచ్చేది. ఎదురొచ్చిన వాళ్లు పలకరించకుండా తప్పుకుని దారిచ్చేవాళ్లు. సిరిసిల్లలో అక్క ఇంటికి వెళ్లినప్పుడు మరో కల వచ్చింది. పక్కింటి మగ్గాల చప్పుడు కలలో వాన చప్పుడయింది. ఆ వానలో శ్రీహరి బస్సు దిగాడు. కొత్త గదుమతో నిలబడ్డ ఆమె దగ్గరికే వచ్చి, ప్రేమలత ఇల్లెక్కడని అడిగాడు. లేచాక నవ్వొచ్చింది. కాసేపటికి భయమేసింది.

అయినా కోరిక పోలేదు. షగుఫ్తాను వెంటబెట్టుకుని జగిత్యాలలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

“రెండు దార్లున్నయమ్మా,” అంది డాక్టరమ్మ. “ఒకటి సూది. గదుమల జెల్ లాంటి మందు పెడ్తం. అదే రోజు ఇంటికి పోవచ్చు. ఏడాదో, ఇంకింత ఎక్కువనో ఉండి మెల్లగ కరిగిపోతది. రెండోది ఆపరేషన్. లోపల సిలికాన్ ముక్కన్న పెడ్తరు, లేకపోతే ఎముకనే కోసి ముందుకు జరిపి బిగిస్తరు. అది హైదరాబాద్‌ల చేస్తరు. అది కరిగేది గాదు. కని వాపు వారాలుంటది. కింది పెదవి తిమ్మిరెక్కుతది, కొందరికి గా తిమ్మిరి పోనే పోదు.”

ప్రేమలత ఆలోచనలో పడింది. భర్తకు చెప్పకుండా ఎముక కోయించుకోవడమా? తిమ్మిరెక్కిన పెదవితో అతన్ని ఏమని పలకరించాలి? పోనీ సూదే అనుకుంటే, సెలవు అయిపోయి అతను వెళ్లిపోతాడు. తానొక్కతే ఉన్న ఇంట్లో ఆ గదుమ మెల్లమెల్లగా కరిగిపోతుంటే చూస్తూ కూర్చోవాలి.

డాక్టరమ్మ ఆమెను పక్కకు తిప్పి ఫొటో తీసింది. “కొంచెం చిన్నగనే ఉంది, కని మీరు బాధపడేంత లేదు. గింత భయం ఎట్ల పట్టుకున్నది మీకు?”

ప్రేమలత వీడియో కాల్ మధ్యలో తీసి దాచుకున్న తన ముఖం ఫొటో చూపించింది.

“ఫోన్ యాడ పెట్టిండ్రు?”

“చాటల మేడం. ఒడిల.”

షగుఫ్తా పకపకా నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వాపుకోలేకపోయింది. “కిందికెల్లి గంత దగ్గర తీస్తే ఎవలకైనా గదుమ గట్లనే కనబడ్తది. ఫోన్ కండ్లకు సమానంగ పెట్టి కొన్ని దినాలు చూసుకోండ్రి. అప్పుడు గూడ కావాల్ననిపిస్తే రండ్రి, మాట్లాడుదం.”

తిరుగు బస్సులో ప్రేమలతకు తేలికపడాల్సింది పోయి కోపమొచ్చింది. పసుపు చేలలో తిరిగిన ఆ ముఖాన్ని ఎవరో లాక్కుపోయినట్టుంది.

శుక్రవారం శ్రీహరికి సెలవు. మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆమె చాటను గోడకు ఆనించి, ఫోన్‌ను గూట్లో నిలబెట్టి, ఎదురుగా కూర్చుంది.

అవతల శ్రీహరి ఉలిక్కిపడ్డాడు. “ఏమైందే? పాణం బాగలేదా?”

“బాగనే ఉన్న.”

“మరి బీడీలు జేస్తలేవు?”

ఇక ఆగలేకపోయింది. యాప్, డాక్టరమ్మ, సూది, కోత అన్నీ చెప్పేసింది. “నా గదుమ బాగలేదనే గదా, మాట ఆపి నా దిక్కు గట్ల చూస్తవు?”

శ్రీహరి ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

“గదుమ ఎవలు చూసిండ్రే! నాలుగేండ్లసంది ఒక్కసారన్న తలెత్తి నన్ను చూసినవా? నీ కండ్లెప్పుడు ఆకు మీదనే, లేకుంటే ఫోన్ మూలకు. మస్కట్‌కు మళ్ల పోనని నీకు మాటిచ్చి మళ్ల వస్తి. గా కోపం ఇంకా పోలేదనుకున్న. ఎప్పుడు కండ్లెత్తుతవో అని చూసుకుంట కూసుంటున్న.”

కోపం లేదని చెప్పబోయింది ప్రేమలత. కానీ ఉంది. అది ఉందని ఇప్పుడే తనకూ తెలిసింది.

“కోపమే,” అంది. “నాకు గూడ తెల్వలే.”

కళ్లు నిండాయి. అలవాటుగా తల వంచబోయింది.

“వంచకు,” అన్నాడు శ్రీహరి. “కోపంగనే చూడు. జరసేపు నా దిక్కే చూడు.”

ఆమె చూసింది.