మా మేడ మీద పచ్చ నెట్టు

మధురవాడలో మా మేడ మీద గ్రీన్‌హౌస్ కట్టి, ఆర్కిడ్లు పూయించబోయి, వీధి వీధంతా ముక్కు మూసుకునేలా చేసిన వైనం చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఆవిడ రత్నం ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పట్లో నా తెలివి మీద నాకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. బట్టలారేసుకునే మేడని రత్నాన్ని బతిమాలి పుచ్చుకున్నాను. ఆదివారం మా ఆఫీసువాళ్లొచ్చి మెచ్చుకోకపోతే మేడ తనకే వదిలేసి, ఇంక మొక్క మాట ఎత్తనని మాటిచ్చాను. ఇనప పైపులతో చట్రం వేయించాను. ఆర్కిడ్లు తెచ్చాను. వాటికి ఎండ తగలకుండా పైన కప్పే గ్రీన్ నెట్ ఒక్కటే తక్కువ. భీమిలిలో ఉండే రత్నం అన్నయ్య అప్పలరాజుకి ఫోన్ చేశాను.

"బావా, మేడ మీదికి గ్రీన్ నెట్టు కావాలి. మంచిది ఎక్కడ దొరుకుతాది?"

"నెట్టే గదా బావా. మా ఇంటికాడ పచ్చదే ఉంది. నానొచ్చి కట్టేత్తాను, నువ్వు ఆఫీసుకెలిపో."

"గట్టిదేనా?"

"ఒకసారి లోపలికెల్లింది మరి బయటికి రాదు."

తేమ లోపలే నిలవాలన్న సూత్రం బావకి కూడా తెలుసని మురిసిపోయాను. బావ బతుకంతా సముద్రం మీద వేటేనన్న సంగతి మాత్రం నా బుర్రకి తట్టలేదు.

శనివారం సాయంత్రం ఇంటికొచ్చి చూద్దును కదా, చట్రం మీద వల. అచ్చంగా చేపల వల. కంతల్లోంచి రోజంతా దిగిన ఎండకి ఆర్కిడ్లు వడియాల్లా ఎండిపోయాయి. వాసన వీధి చివరిదాకా పోయింది. పిట్టగోడ మీద పిల్లులు రేషన్ లైన్లో నిలబడ్డట్టు వరసగా కూర్చున్నాయి.

"పొద్దున్నించీ సూత్తన్నావు, చెప్పొద్దా?" అన్నాను రత్నంతో.

"నువ్వే అడిగావంట గదా. ఆఫీసోలు మొక్కలకి వల కట్టుకుంటారేమో, నాకేటి తెలుసు?"

విప్పబోతే ఆ ముళ్లు లాగేకొద్దీ బిగుసుకుంటున్నాయి. ఫోన్ చేస్తే బావ అప్పటికే ఇంకో వలేసుకుని వేటకి వెళ్లిపోయాడు, సముద్రంలో సిగ్నల్ లేదు. కత్తి తీశాను.

"మా అన్నయ్య వల కోత్తే ఊరుకోను. ఆల ఇల్లు వలల మీదే గడుస్తాది," అంది రత్నం. కత్తి లోపల పెట్టేశాను.

ఆదివారం ఆఫీసువాళ్లు ముక్కుకి రుమాళ్లు అడ్డం పెట్టుకుని మేడెక్కారు. మా మేనేజరు చట్రం చుట్టూ తిరిగి, మర్యాద కోసం అడిగాడు.

"గ్రీన్‌హౌస్ బాగుందండీ. ఇంతకీ ఏం పెంచుతున్నారు?"

నేను నోరు తెరిచేలోపే రత్నం అందుకుంది.

"పిల్లుల్నండి. నిన్ననే ఏసాం. కాపు బాగానే ఉంది."

మేడ ఆ పూటే చేతులు మారింది. బావ తిరిగొచ్చి వల విప్పుకుపోయాడు. చట్రం మీద ఇప్పుడు చీరలు ఆరుతున్నాయి.

కాబట్టి సముద్రం వైపు తిరిగి, గుండె మీద చెయ్యేసుకుని ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో అప్పలరాజుని నెట్టు అడగను. మా ఇంట్లో ఇంటర్నెట్టు పోయినా సరే, ఆ కబురు భీమిలి దాకా పోనివ్వను.